వాహక రంగుతో కాగితంపై వెలిగే సప్తర్షి మండలం: పేపర్ సర్క్యూట్ తయారీకి సమగ్ర మార్గదర్శి

కండక్టివ్ పెయింట్‌తో, అంటే కరెంటును పోనిచ్చే రంగుతో, కాగితం మీద సర్క్యూట్ గీయాలనుకునేవారు మొదట ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రంగుతో గీసిన గీత రాగి తీగతో సమానం కాదు. రాగి తీగ ఎంత పొడవున్నా, ఇంత చిన్న పనిలో దాని నిరోధాన్ని, అంటే కరెంటుకు అడ్డుపడే గుణాన్ని, మనం పట్టించుకోనక్కరలేదు. రంగు గీతకు మాత్రం ప్రతి సెంటీమీటరుకూ లెక్కలోకి వచ్చేంత నిరోధం ఉంటుంది. ఈ తేడా తెలియక సన్నని పొడవాటి గీతలు గీసి, ఎల్‌ఈడీ వెలగలేదని రంగును తప్పుబట్టేవారే ఎక్కువ. నిజానికి ఆ నిరోధమే ఈ రంగుకున్న అసలైన సుగుణం. గీత వెడల్పు, పొడవు మార్చుకుంటూ పోతే ఏ దీపం ఎంత వెలగాలో కుంచెతోనే నిర్ణయించవచ్చు. కరెంటును తగ్గించే రెసిస్టర్లను విడిగా కొనవలసిన అవసరం కూడా ఉండదు. ఈ వ్యాసంలో ముందు ఒకే దీపంతో చిన్న కార్డు చేసి చేయి అలవాటు చేసుకుని, ఆ తరువాత ఏడు దీపాల సప్తర్షి మండలాన్ని ఏ4 కాగితం మీద తయారుచేద్దాం.

రంగులో ఏముంది

ఇటువంటి రంగుల్లో ఎక్కువగా వాడేది కర్బనం. గ్రాఫైట్‌లో ప్రతి కర్బన పరమాణువూ పక్కనున్న మూడింటితో బంధం ఏర్పరచుకుని, నాలుగో ఎలక్ట్రాన్‌ను పొర అంతటా తిరగడానికి వదిలేస్తుంది కాబట్టి దాని గుండా కరెంటు పోతుంది. ఆ కర్బన రేణువులను నీటిలో కలిసే జిగురుతో కలిపితే రంగు తయారవుతుంది. తడిగా ఉన్నప్పుడు రేణువుల మధ్య నీరు, జిగురు అడ్డుంటాయి. ఆరేకొద్దీ అవి దగ్గరకు చేరి ఒకదానినొకటి తాకుతాయి. అందుకే ఆరిన తరువాతే ఈ రంగు సరిగా పనిచేస్తుంది. ఇది కొత్త వింతేమీ కాదు. పాత టీవీ రిమోట్‌ను విప్పి చూస్తే, రబ్బరు మీటల అడుగున గుండ్రంగా నల్లని బిళ్ళలు కనిపిస్తాయి. అవి కూడా కర్బనం కలిపినవే. కారు వెనక అద్దం మీద మంచును కరిగించే సన్నని అడ్డగీతలు వెండి కలిపిన ముద్దతో అచ్చువేసినవి. వెండి రంగుకు నిరోధం చాలా తక్కువే గానీ ధర ఎక్కువ, పైగా మన పనికి అది అవసరం కూడా లేదు.

బజారులో దొరికే కర్బన రంగుల్లో పేరున్నది లండన్‌కు చెందిన బేర్ కండక్టివ్ సంస్థ తయారుచేసే ఎలక్ట్రిక్ పెయింట్. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నవారు 2009లో ఆ సంస్థను మొదలుపెట్టారు. ఆ రంగు నీటితో కడిగితే పోతుంది, చేతికి అంటినా ప్రమాదం లేదు. 10 మిల్లీలీటర్ల ట్యూబు మన పనికి సరిపోతుంది. అది దొరకకపోతే గ్రాఫైట్ పొడి, ఫెవికాల్ కలిపి ఇంట్లోనే చేసుకోవచ్చు. తాళాలకు, యంత్రాలకు కందెనగా వాడే గ్రాఫైట్ పొడి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. జిగురు కంటే పొడే ఎక్కువ ఉండేలా కలిపి, గట్టిగా అనిపిస్తే కొన్ని నీటి చుక్కలు వేసి, కుంచెకు అందేంత చిక్కని ముద్దగా చేసుకోవాలి. జిగురు ఎక్కువైతే రేణువులు ఒకదానికొకటి దూరమై గీత నల్లగా అందంగా కనిపిస్తుంది గానీ కరెంటు పోదు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఫ్యాను ఆపుకోవాలి. పొయ్యి బొగ్గు నూరి వాడవచ్చునా అని చాలామంది అడుగుతారు. వంటచెరకు బొగ్గు గ్రాఫైట్ కాదు, దానితో శ్రమే తప్ప ఫలితం ఉండదు.

చదరాల లెక్క

కాగితం మీద ఒకే మందంతో పూసిన రంగుకు నిరోధం కొలవడానికి ఇంజనీర్లు వాడే పద్ధతి చాలా సులువైనది. గీతను దాని వెడల్పుకు సమానమైన చదరాలుగా విభజించి, ఆ చదరాలు ఎన్నో లెక్కపెట్టాలి. ఒక సెంటీమీటరు చదరానికి ఎంత నిరోధం ఉంటుందో, అదే మందంలో పది సెంటీమీటర్ల చదరానికీ అంతే ఉంటుంది, ఎందుకంటే పొడవు పెరిగినందువల్ల పెరిగిన నిరోధాన్ని వెడల్పు పెరగడం సరిగ్గా తగ్గించేస్తుంది. పైన చెప్పిన ఎలక్ట్రిక్ పెయింట్‌ను 50 మైక్రాన్ల మందంతో, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందంతో పూస్తే చదరానికి సుమారు 55 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కాబట్టి 5 మిల్లీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు గల గీతలో 20 చదరాలుంటాయి, దాని నిరోధం 1100 ఓమ్‌లు. అదే పొడవులో వెడల్పు రెట్టింపు చేస్తే చదరాలు పదికి దిగుతాయి, నిరోధం సగమవుతుంది. ఆరిన తరువాత రెండో పూత వేస్తే మందం రెట్టింపై మళ్ళీ దాదాపు సగానికి తగ్గుతుంది.

మీ దగ్గరున్నది ఏ రంగైనా సరే, ముందుగా దాని చదరపు నిరోధాన్ని మీరే కొలుచుకోవడం మంచిది. ఇంట్లో కలిపిన రంగుకైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే ఒకసారి కలిపినదానికీ మరోసారి కలిపినదానికీ పొంతన ఉండదు. ఒక ముక్క కాగితం మీద 5 సెంటీమీటర్ల ఎడంలో రెండు కాపర్ టేపు ముక్కలు అంటించి, వాటి అంచుల మీదికి కాస్త ఎక్కేలా ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీ పూయాలి. పూర్తిగా ఆరాక మల్టీమీటరును (నిరోధం, వోల్టేజి కొలిచే పరికరం) 2000 ఓమ్‌ల స్థానంలో పెట్టి, సూదులను రాగి మీద ఆనించి కొలిచి, వచ్చిన సంఖ్యను 5తో భాగించాలి. సూదులను నేరుగా రంగు మీద పొడిస్తే, మొన తగిలే చోటు మరీ చిన్నది కావడం వల్ల మీటరు అసలు కంటే ఎక్కువ చూపుతుంది, రంగు కూడా గీరుకుపోతుంది. ఇంకొక మాట: మల్టీమీటరులో కూత పెట్టే స్థానంతో ఈ గీతలను పరీక్షించకూడదు. ఆ కూత కొన్ని పదుల ఓమ్‌లలోపు నిరోధానికే వస్తుంది కాబట్టి, చక్కగా పనిచేసే రంగు గీత కూడా ఆ పరీక్షలో తెగిపోయినట్టే తోస్తుంది.

కొలిచినప్పుడు చదరానికి 55 కాకుండా 200 ఓమ్‌లు వస్తే కంగారు పడనవసరం లేదు. ఈ వ్యాసంలో చెప్పిన గీతలను ఆ మేరకు వెడల్పు చేసుకోవాలి, లేదా పూతల సంఖ్య పెంచుకోవాలి. వేలల్లో వస్తే మాత్రం జిగురు ఎక్కువైందని అర్థం. పొడి కలిపి మళ్ళీ చూసుకోవాలి.

కావలసిన సామగ్రి

రంగు కాక, 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మందం గల డ్రాయింగ్ షీటు, 3 మిల్లీమీటర్ల తెల్ల ఎల్‌ఈడీలు ఏడు, చేయి అలవాటుకు ఎర్ర ఎల్‌ఈడీలు ఒకటి రెండు, సీఆర్ 2032 బటన్ సెల్‌లు, అర సెంటీమీటరు వెడల్పు కాపర్ టేపు, మాస్కింగ్ టేపు, సెల్లో టేపు, బల్లపరుపు మొన గల కుంచె ఒకటి, సన్నని కుంచె ఒకటి, దబ్బనం, చిన్న నోస్ ప్లయర్, బ్లేడు, మల్టీమీటరు సమకూర్చుకోవాలి. ఎల్‌ఈడీలు పగిలినా పాడైనా ఇబ్బంది పడకుండా రెండు మూడు అదనంగా తీసుకోవాలి. హైదరాబాదులో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క చోటే దొరుకుతాయి. మిగతావారు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. నునుపైన ఆర్ట్ పేపరు మీద రంగు పట్టక పెచ్చులూడుతుంది, నోటుబుక్కు కాగితం తడికి ముడతలు పడుతుంది, కాబట్టి కాగితం విషయంలో పొదుపు చేయవద్దు.

బటన్ సెల్ గురించి ఒక హెచ్చరిక తప్పదు. చిన్నపిల్లలు దానిని మింగితే అది అన్నవాహికలో చిక్కుకుని, అక్కడి తడితో రసాయనిక చర్య జరిగి, రెండు గంటల్లోనే లోపలి కండరాన్ని కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంట్లో పసిపిల్లలుంటే బటన్ సెల్‌ల జోలికి పోకుండా, మూతతో మరబిగించే హోల్డరులో పెన్సిల్ సెల్‌లు పెట్టుకోవడమే మేలు. ఇంట్లో గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటును ఈ కాగితాలకు ఏ రూపంలోనూ కలపకూడదు.

ముందు ఒకే దీపం

పోస్టుకార్డంత డ్రాయింగ్ షీటు ముక్క మీద పెన్సిల్‌తో రెండు పట్టీలు గీయాలి. ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్ల వెడల్పు, 25 మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. రెండింటి లోపలి కొసల మధ్య 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఎల్‌ఈడీ కూర్చునేది అక్కడే. రెండు పట్టీలు కలిపి పది చదరాలు, అంటే 550 ఓమ్‌లు. కొత్త బటన్ సెల్ 3 వోల్టులు ఇస్తుంది, ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన ఒక వోల్టు 550 ఓమ్‌ల మీద పడితే రెండు మిల్లీఆంపియర్లకు కాస్త తక్కువ కరెంటు పారుతుంది. దీపం హాయిగా వెలగడానికి అది చాలు.

ఎల్‌ఈడీకి రెండు కాళ్ళుంటాయి. పొడవాటిది ధన ధ్రువం వైపు, పొట్టిది రుణ ధ్రువం వైపు పోవాలి. కాళ్ళను కత్తిరించాక ఈ గుర్తు పోతుంది కాబట్టి ఎల్‌ఈడీ ప్లాస్టిక్ బుడిపె అంచును కూడా చూసి పెట్టుకోవాలి. గుండ్రని అంచులో చదునుగా కోసినట్టు ఉన్న వైపు రుణ ధ్రువం. కాళ్ళను నోస్ ప్లయర్‌తో చెరో వైపు వంచి, కాగితం మీద చదునుగా ఆనేలా చేసి, బుడిపె దగ్గర చిన్న సెల్లో టేపు ముక్కతో కదలకుండా అంటించాలి. తరువాత పట్టీలు పూసి, కాళ్ళ చివర్ల మీద రంగును ముద్దగా కప్పాలి. పట్టీల బయటి కొసల నుంచి కాపర్ టేపు లాగి, ఒకటి సెల్ అడుగున, మరొకటి సెల్ పైన తగిలేలా కాగితం మూలను మడిచి బట్టల క్లిప్పు పెడితే స్విచ్చు కూడా అయిపోయినట్టే. రంగు ఆరక ముందే క్లిప్పు పెట్టి చూడాలనే తొందర అందరికీ ఉంటుంది. పెట్టి చూడండి, మసకగా వెలిగిన దీపం, రంగు ఆరేకొద్దీ ప్రకాశం పుంజుకోవడం స్వయంగా చూస్తే, పైన చెప్పిన రేణువుల మాట ఏ బొమ్మా అక్కరలేకుండా అర్థమవుతుంది.

ఇదే కార్డు మీద తెల్ల ఎల్‌ఈడీ పెడితే బాగా మసకగా ఉంటుంది. తెల్ల, నీలి ఎల్‌ఈడీలకే దాదాపు 3 వోల్టులు కావాలి, ఒక బటన్ సెల్ ఇచ్చేది అంతే, ఇక గీతకు మిగిలేదేమీ ఉండదు. అందుకే సప్తర్షి మండలానికి రెండు సెల్‌లను వరుసగా కలిపి 6 వోల్టులు వాడతాం.

నక్షత్రాల అమరిక

సప్తర్షి మండలాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులోని ఏడు నక్షత్రాలూ పిడి, గిన్నె ఉన్న గరిటె ఆకారంలో ఒకే గొలుసుగా వస్తాయి: పిడి కొసన మరీచి, తరువాత వసిష్ఠుడు, అంగిరసుడు, గిన్నె మొదలయ్యే చోట అత్రి, గిన్నె అడుగున పులస్త్యుడు, పులహుడు, చివర గిన్నె అంచున క్రతువు. వీటిలో ఆరు నక్షత్రాల ప్రకాశాంకం 1.8 నుంచి 2.4 మధ్య ఉంటే, అత్రిది 3.3. ప్రకాశాంకం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది కాబట్టి అత్రి మిగతావారిలో ఇంచుమించు మూడో వంతు వెలుగుతోనే కనిపిస్తాడు. బజారులో దొరికే మెరిసే బొమ్మల్లో ఏడూ ఒకేలా వెలుగుతుంటాయి. రంగుతో గీసిన సర్క్యూట్‌లోనైతే అత్రిని ఆకాశంలో ఉన్నట్టే మసకగా ఉంచవచ్చు.

డ్రాయింగ్ షీటును అడ్డంగా పెట్టి, ముందు వైపు అంతా ముదురు నీలం పోస్టర్ కలరు పూసి, ఆరాక బరువైన పుస్తకాల కింద ఒక పూట ఉంచాలి. లేకపోతే కాగితం విల్లులా వంగి తరువాత వేసే గీతలు బీటలు వారతాయి. మరీచి నుంచి క్రతువుకు 22 సెంటీమీటర్ల దూరం వచ్చేలా నక్షత్ర పటాన్ని పెద్దది చేసి అచ్చుతీసి, నీలం వైపు మీద పెట్టి, ఒక్కొక్క నక్షత్రం దగ్గర దబ్బనంతో గుచ్చాలి. సర్క్యూట్ వెనక వైపు గీస్తాం కాబట్టి అక్కడ కుడి ఎడమలు తారుమారవుతాయి. పటాన్ని చూస్తూ వెనక వైపు మళ్ళీ గీయబోతే ఇక్కడే పొరబాటు పడతారు. ముందు నుంచి గుచ్చిన చిల్లులైతే వాటంతట అవే సరైన చోట్లకు వస్తాయి. ఏ చిల్లు ఏ ఋషిదో వెనక వైపు పెన్సిల్‌తో పేరు రాసుకోవాలి. ఎల్‌ఈడీ కాళ్ళ మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. ఒక్కొక్క నక్షత్రం దగ్గర రెండు చిల్లులు కావాలి, ఆ రెండూ గొలుసు గీతకు అడ్డంగా, చెరోవైపు ఉండాలి.

వసిష్ఠుడి పక్కన అరుంధతి లేకపోతే తెలుగువారికి ఈ బొమ్మ వెలితిగానే ఉంటుంది. ఆకాశంలో ఆ రెండింటి మధ్య ఎడం డిగ్రీలో అయిదో వంతు. మన కాగితం కొలతలో అది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అక్కడ మరో ఎల్‌ఈడీకి చోటు లేదు. వసిష్ఠుడి దీపం అంచును ఆనుకుని తెల్ల జెల్ పెన్నుతో ఒక చుక్క పెడితే సరిపోతుంది. దీపం వెలుగు పడి అది లీలగా కనబడుతుంది.

రెండు పెద్ద పట్టీలు

ఏడు దీపాలకూ సమాంతరంగా కరెంటు అందాలి. ఒకదాని వెనక ఒకటిగా కలిపితే ఏడు తెల్ల దీపాలకు 20 వోల్టులు దాటి కావాలి. అందుచేత గొలుసుకు ఒక పక్కన ధన పట్టీ, రెండో పక్కన రుణ పట్టీ పోతాయి. ధన పట్టీ పిడికి దిగువగా నడిచి గిన్నె బయటి గోడ చుట్టూ తిరుగుతుంది. రుణ పట్టీ పిడికి ఎగువగా వచ్చి గిన్నె లోపలికి దిగుతుంది. గిన్నె లోపల చోటు ఇరుకు కాబట్టి అక్కడ రుణ పట్టీ మలుపులు ఒకదానినొకటి తాకినా నష్టం లేదు. రెండూ ఒకే పట్టీ భాగాలు, పైగా అలా తాకితే నిరోధం తగ్గుతుంది. తాకకూడనిది ధన పట్టీ రుణ పట్టీని మాత్రమే. గొలుసు ఎక్కడా మూసుకుపోదు గనుక ఈ రెండూ ఒకదానినొకటి దాటవలసిన అవసరమే రాదు.

పట్టీల వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు, పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. ఇరవై చదరాలు, రెండు పూతలు వేస్తే ఒక్కొక్క పట్టీకి 550 ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. రెండు పట్టీలకూ ఒకే కొస నుంచి, ఉదాహరణకు మరీచి వైపు నుంచి కరెంటు ఇస్తే, కాలువ తల దగ్గరి పొలం తడిసి చివరి ఆయకట్టు ఎండినట్టు, మరీచి ధగధగా వెలుగుతాడు, క్రతువు మిణుకుమిణుకుమంటాడు. దీనికి విరుగుడు ఏమిటంటే ధన పట్టీకి మరీచి వైపు నుంచి, రుణ పట్టీకి క్రతువు వైపు నుంచి కరెంటు ఇవ్వడం. అప్పుడు ప్రతి దీపానికీ రెండు పట్టీల మీద కలిపి నడవవలసిన దూరం ఒకటే అవుతుంది. ఒకదానిలో దగ్గరైనది రెండోదానిలో దూరమవుతుంది. తేడా పూర్తిగా పోదు. మధ్య దీపం దగ్గర వోల్టేజి కొసల కంటే ఇంకా కొంచెం తక్కువే ఉంటుంది. గొలుసులో ఏ వైపు నుంచి లెక్కపెట్టినా నాలుగోవాడు, అంటే నట్టనడిమివాడు అత్రే. మసకగా ఉండవలసిన దీపమే మధ్యలో పడడం ఈ బొమ్మను నేను అందరికీ సిఫారసు చేయడానికి మరో కారణం.

పట్టీల నుంచి ఎల్‌ఈడీ కాళ్ళ దాకా సన్నని కొమ్మ గీతలు గీయాలి. ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు. అంటే ఒక్కొక్క వైపు 8 నుంచి 10 చదరాలు. రెండు వైపులా కలిపి వెయ్యి ఓమ్‌ల దాపున ఉంటుంది. ఈ కొలతలతో ఒక్కొక్క దీపానికి సగటున ఒక మిల్లీఆంపియర్ అందుతుంది. అత్రికి మాత్రం కొమ్మను వంకర తిప్పి పొడవు పెంచాలి. అతని ఇరుగుపొరుగులైన అంగిరసుడు, పులస్త్యుల కొమ్మలను కాస్త వెడల్పు చేస్తే, నడిమికి దగ్గరగా ఉన్నందుకు వారు కోల్పోయే వెలుగు తిరిగి వస్తుంది. కొమ్మల నిరోధం ఇలా కావాలని ఎక్కువ పెట్టడం వృథా కాదు. కొమ్మలు మరీ పొట్టిగా, వెడల్పుగా ఉంటే కొసల దగ్గరి దీపాలే కరెంటంతా లాగేసుకుంటాయి.

పట్టీలన్నీ రంగుతోనే వేయాలన్న పట్టుదల లేనివారు పెద్ద పట్టీలకు కాపర్ టేపు వాడి, కొమ్మలను మాత్రమే రంగుతో గీయవచ్చు. అప్పుడు ప్రతి దీపం వెలుగూ దాని కొమ్మలోని చదరాల మీదే ఆధారపడుతుంది, లెక్క మరీ తేలికవుతుంది. అయితే చవక రకం కాపర్ టేపు అడుగున ఉండే జిగురు కరెంటును పోనివ్వదు. ముక్కలు అతికేచోట పైన రంగు ముద్ద పెట్టాలి, మలుపుల దగ్గర టేపును తెంచకుండా మడవాలి.

రంగు వేసే వరుస

ఎల్‌ఈడీలు బిగించక ముందే పెద్ద పట్టీలు పూర్తిచేయాలి. పట్టీ అంచుల వెంట మాస్కింగ్ టేపు అంటించి, బల్లపరుపు కుంచెతో ఒకే దిక్కుగా పూసి, రంగు తడిగా ఉండగానే టేపు లాగేయాలి. ఆరాక లాగితే అంచు పొరలుగా లేస్తుంది. పలుచని పూత ఆరడానికి మామూలు రోజుల్లో పదిహేను నిమిషాలు చాలు, వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్ళలో ఇంకా ఎక్కువ పడుతుంది. హెయిర్ డ్రయ్యరును తక్కువ వేడిలో, దూరం నుంచి పట్టవచ్చు. దగ్గర పెడితే పై పొర ఆరి లోపల తడి మిగిలి బీటలు వస్తాయి. రెండో పూత వేసేటప్పుడు కుంచెను రుద్దకూడదు, అద్దినట్టు వేయాలి. ఇది నీటి రంగు కాబట్టి రుద్దితే కింది పూత కరిగి పైకి వచ్చేస్తుంది. రెండు పూతలూ ఆరాక ప్రతి పట్టీనీ ఈ కొస నుంచి ఆ కొసకు కొలవాలి. ఒక పట్టీ 500, రెండోది 900 చూపితే రెండోదానికి మరో పూత వేయాలి.

తరువాత ఎల్‌ఈడీలను ముందు వైపు నుంచి దూర్చాలి. ఏడింటికీ పొడవాటి కాలు ధన పట్టీ వైపే ఉండాలి. వెనక వైపుకు తిప్పి, కాళ్ళను చెరో వైపు వంచి, వంచిన తరువాతే 4 మిల్లీమీటర్లు ఉంచి మిగతాది కత్తిరించాలి. ఇంత పొట్టిగా ఎందుకంటే, కాలు లోహం. అది కొమ్మ గీత మీద ఎంత దూరం పరుచుకుంటే అంత మేర రంగు నిరోధం లెక్కలోకి రాకుండా పోతుంది. చదరాలను కాలు చివర నుంచే లెక్కపెట్టాలి. ఇప్పుడు సన్నని కుంచెతో కొమ్మలు గీసి, కాళ్ళ మీద రంగు ముద్దలు పెట్టాలి. ముద్ద ఆరేటప్పుడు కుంచించుకుని లోహం నుంచి సన్నగా విడివడుతుంది, కాబట్టి మొదటిది ఆరాక మరో ముద్ద తప్పక పెట్టాలి. ఒకే దీపం రెండు కాళ్ళ మీది ముద్దలు కలిసిపోకుండా మధ్యలో వెలుతురు కనబడేంత ఖాళీ ఉందో లేదో ఒక్కొక్కటీ వంగి చూసుకోవాలి.

సెల్ కలపడం, వెలుగు సరిచేయడం

రెండు బటన్ సెల్‌లను ఒకదాని ధన ముఖం మరొకదాని రుణ ముఖానికి ఆనేలా పేర్చి, హోల్డరులో పెట్టి, దాని ధన తీగను కాపర్ టేపు ద్వారా మరీచి దగ్గరి ధన పట్టీ కొసకు కలపాలి. రుణ తీగ నుంచి టేపు కాగితం అంచు వెంట వెళ్ళి, క్రతువు పైనుంచి చుట్టి వచ్చి, గిన్నె లోపలి రుణ పట్టీ కొసను చేరాలి. దారిలో అది ధన పట్టీని ఎక్కడా తాకకూడదు. గోడకు తగిలించి రోజూ వెలిగించేవారికి నాలుగు పెన్సిల్ సెల్‌ల హోల్డరు మంచిది. అదీ 6 వోల్టులే, ఎక్కువ కాలం నడుస్తుంది.

ఏడూ వెలిగాక గదిలో లైటు ఆర్పి, రెండడుగుల దూరంలో నిలబడి చూడాలి. ఏదైనా దీపం మరీ ఎక్కువ వెలుగుతుంటే దాని కొమ్మ అంచును బ్లేడుతో కొద్దికొద్దిగా గీకి సన్నబరచాలి, తక్కువగా ఉంటే కొమ్మకు మరో పూత వేయాలి. కర్మాగారాల్లో అచ్చువేసిన రెసిస్టర్లను సరైన విలువకు తేవడానికి లేజరుతో ఇలాగే అంచు కోస్తారు, కాబట్టి ఇది చేతకానితనపు సర్దుబాటు అనుకోనక్కరలేదు. గీకిన నల్లపొడిని మాత్రం మెత్తని కుంచెతో పూర్తిగా దులపాలి. అదీ కరెంటును పోనిస్తుంది.

తగిలించేటప్పుడు ఒక చిన్న విషయం. మన ప్రాంతాల నుంచి ఏప్రిల్ చివర, మే నెలలో రాత్రి తొమ్మిది గంటల వేళ ఉత్తరం వైపు తిరిగి చూస్తే సప్తర్షి మండలం బాగా ఎత్తున, గిన్నె బోర్లించి కనిపిస్తుంది. ఆకాశంతో పోల్చి చూసుకోవాలనుకుంటే కాగితాన్ని తలకిందులుగా తగిలించాలి.

వెలగకపోతే

ఏ ఒక్కటీ వెలగకపోతే ముందు సెల్‌లు తలకిందులయ్యాయేమో చూడాలి, తరువాత కాపర్ టేపు పట్టీని కలిసేచోట ముద్ద సరిగా ఉందో లేదో చూడాలి. ఒక్కటే వెలగకపోతే రెండు కారణాలు ఎక్కువగా ఉంటాయి. ఆ ఎల్‌ఈడీ తిరగబడి ఉండవచ్చు, లేదా కాలు మీది ముద్ద విడివడి ఉండవచ్చు. పెన్సిల్ వెనక రబ్బరుతో ఆ ముద్దను నొక్కి చూడాలి. నొక్కినప్పుడు వెలిగి, వదిలితే ఆరితే మరో ముద్ద వేస్తే సరిపోతుంది. ఒక దీపం పూర్తిగా ఆరి, దాని ఇరుగుపొరుగు కూడా మసకబారితే ఆ దీపం కాళ్ళ మధ్య రంగు కలిసిందన్నమాట. తడిగా ఉంటే నీటిలో ముంచి పిండిన ఇయర్ బడ్‌తో తుడవాలి, ఆరి ఉంటే బ్లేడు మొనతో గీత పెట్టి విడదీయాలి.

అన్నీ ఒకేసారి మసకగా ఉంటే రెండు పట్టీలు ఎక్కడో కలిసి ఉండాలి. సెల్ తీసేసి రెండు పట్టీల మధ్య నిరోధం కొలిస్తే, చవక మీటర్ల తెర మీద ఎడమ పక్కన 1 మాత్రమే కనబడాలి, అంటే నిరోధం మీటరుకు అందనంత ఎక్కువని. వేరే ఏదైనా సంఖ్య కనబడితే ఎక్కడో రంగు పొర దాటిందని అర్థం. ఈ కలయిక వల్ల కాగితం కాలిపోతుందన్న భయం లేదు, రంగుకున్న నిరోధమే దానికి అడ్డు. కాపర్ టేపులు రెండూ నేరుగా తాకితే మాత్రం ఆ రక్షణ ఉండదు, సెల్‌లు వేడెక్కి త్వరగా చచ్చిపోతాయి. టేపులు దగ్గరగా నడిచేచోట పైన సెల్లో టేపు వేసి ఉంచాలి.

కొన్ని వారాల తరువాత వెలుగు తగ్గితే ముందు సెల్ మార్చి చూడాలి. అప్పటికీ మారకపోతే పట్టీని భూతద్దంతో పరిశీలించాలి. కాగితం వంగిన చోట అడ్డంగా వెంట్రుకవాసి బీటలు కనిపిస్తాయి. వాటి మీద ఒక పూత చాలు. మడత పెట్టవలసిన కార్డులైతే మడత మీద రంగు నిలవదు, ఆ మేరకు కాపర్ టేపు వేసి రెండు కొసలా ముద్దలు పెట్టాలి. తడి గోడకు తగిలించేవారు పట్టీల మీద స్ప్రే వార్నిష్ వేసుకోవచ్చు, అది నీటితో కలిపినది కాకుండా చూసుకోవాలి. వార్నిష్ వేశాక రంగు అతకదు గనుక, వెలుగు సరిచేసే పనులన్నీ ముగించుకుని, ఒక వారం వెలిగించి చూశాకే వేయడం మంచిది. మిగిలిన రంగు ట్యూబు మూతి తుడిచి గట్టిగా బిగించి, ఎండ తగలని చోట పెట్టాలి. ఇంట్లో కలిపిన రంగు జిగురు గడ్డకట్టేలోపే వాడేయాలి.